ప్రమాదాన్ని పట్టిచ్చే తర్కం

2017 మే 12, శుక్రవారం. ఆ మధ్యాహ్నం ఇంగ్లండులో అనేక ఆస్పత్రుల కంప్యూటర్లు ఒకదాని వెంట ఒకటి మొరాయించసాగాయి. తెర మీద ఎర్రని రంగులో ఒక ప్రకటన కనిపించింది. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే 300 డాలర్లు చెల్లించండి, ఆలస్యం చేస్తే 600 అవుతుంది అని దాని సారాంశం. డాక్టర్లకు రోగుల పాత వివరాలు అందలేదు. అయిదు ఆస్పత్రి సంస్థలు అత్యవసరంగా వస్తున్న రోగులను వేరే చోట్లకు మళ్ళించవలసి వచ్చింది. తరవాత లెక్క తీస్తే, రోగులకు ఇచ్చిన సమయాలు 6,912 రద్దయినట్టు తేలింది. అసలు సంఖ్య 19,000 దాటి ఉంటుందని అంచనా కట్టారు. కాన్సర్ ఉన్నదేమోననే అనుమానంతో త్వరగా చూడవలసిన రోగులు 139 మంది వాళ్ళలో ఉన్నారు.

ఈ పని చేసినది ఒక ప్రోగ్రాము. దాని పేరు వాన్నాక్రై. ఏడుపొస్తోంది అనే అర్థం స్ఫురించే పేరు అది. పెట్టినవాడెవడో గాని తగిన పేరే పెట్టాడు. ఒక కంప్యూటరులో ప్రవేశించి, అక్కడినుంచి తనంతట తానే పక్క కంప్యూటరులోకి పాకే ఇటువంటి ప్రోగ్రామును పురుగు అంటారు. రెండు మూడు రోజుల్లో అది సుమారు 150 దేశాలలో రెండు లక్షల కంప్యూటర్లకు పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి.

ఇక్కడ ఆలోచించవలసిన సంగతి ఒకటున్నది. ఈ జబ్బుకు మందు రెండు నెలల ముందే తయారయి ఉన్నది. పురుగు ఏ కన్నంలోనుంచి దూరిందో ఆ కన్నాన్ని పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్ కంపెనీ మార్చి 14నే విడుదల చేసింది. ఈ మరమ్మతు చేసుకోండని ఇంగ్లండు ఆస్పత్రులకు మార్చిలోనూ, ఏప్రిల్‌లోనూ హెచ్చరికలు వెళ్ళాయి. అయినా 236 ఆస్పత్రి సంస్థలలో మూడోవంతు దెబ్బ తిన్నాయి. కొన్నిటికి పురుగే పట్టింది. కొన్ని భయపడి తమ కంప్యూటర్లను తామే ఆపుకున్నాయి.

ఎందుకిలా జరిగింది? బ్రిటిష్ ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ ఆ అక్టోబరులోనే ఒక నివేదిక ప్రచురించింది. హెచ్చరికలు పంపినవారికి, వాటిని ఎవరు పాటించారో ఎవరు పాటించలేదో తెలుసుకునే ఏర్పాటే లేదని అందులో ఉన్నది. మరో చిక్కు కూడా ఉన్నది. ఆస్పత్రిలో స్కానింగు యంత్రాలుంటాయి, రక్తం పరీక్షించే యంత్రాలుంటాయి. మన కంటికి అవి కంప్యూటర్లు కావు. కాని వాటి పొట్టలో ఒక మామూలు కంప్యూటరు కూర్చుని ఉంటుంది. చాలాసార్లు దాన్ని ఆస్పత్రివారు ముట్టుకోవడానికి వీలుండదు, యంత్రం తయారుచేసినవారే వచ్చి చూడాలి. “మీ కంప్యూటర్లను బాగుచేసుకోండి” అని ఉత్తరం వస్తే, చదివినవారికి బల్లల మీది కంప్యూటర్లు గుర్తుకు వస్తాయి గాని స్కానింగు యంత్రం గుర్తుకు వస్తుందా? 1,200 పైచిలుకు పరీక్షా యంత్రాలకు ఆనాడు పురుగు పట్టింది.

ఒక పెద్ద ఆస్పత్రిలో ఇటువంటి వస్తువులు వేలకొద్దీ ఉంటాయి. ఏది దేనిలో ఉన్నదో, ఏది దేనికి తగిలి ఉన్నదో, ఏది చెడితే ఏ పని ఆగుతుందో ఒక మనిషి గుర్తుంచుకోలేడు. ఆ పనిని యంత్రానికే అప్పగిస్తే? అప్పగించవచ్చు. కాని యంత్రానికి “స్కానింగు యంత్రం” అన్నా, “లొసుగు” అన్నా, “లోపల ఉన్నది” అన్నా ఉత్త అక్షరాలే. ముందు దానికి లోకంలో ఏయే రకాల వస్తువులున్నాయో, వాటి మధ్య ఏయే సంబంధాలుంటాయో పాఠం చెప్పాలి. యంత్రం చదువుకోగలిగిన అటువంటి పాఠాన్ని ఆంటాలజీ అంటారు. గ్రీకు మాటల నుంచి పుట్టిన పేరు ఇది. “ఉన్నవాటిని గురించిన శాస్త్రం” అని దాని అర్థం.

గాదె, ఎలుక, కన్నం, పిల్లి

కంప్యూటర్లను కాసేపు పక్కన పెట్టి ఒక రైతు ఇంటికి పోదాం. ఆయన ఇంట్లో ధాన్యపు గాదె ఉన్నది. ఊళ్ళో ఎలుకలున్నాయి. గాదె అడుగున చిన్న కన్నం ఉన్నది. ఇంట్లో ఒక పిల్లి ఉన్నది.

ధాన్యం ఆయన సొత్తు. ఎలుక బెడద. కన్నం లొసుగు. పిల్లి రక్షణ. ఇవి నాలుగూ కలిసి ఆలోచిస్తే తేలేది ముప్పు: ఎలుకలు పడి ధాన్యం తినిపోవడం ఎంతవరకు సంభవం, సంభవిస్తే ఎంత నష్టం అన్నది. గాదెకు కన్నమున్నా ఊళ్ళో ఎలుకలే లేకపోతే ముప్పు లేదు. ఎలుకలు కోకొల్లలుగా ఉన్నా గాదె రాతిదయితే ముప్పు లేదు. ఎలుకా, కన్నమూ రెండూ ఉన్నా గాదె ఖాళీగా ఉంటే నష్టమేమున్నది? ముప్పు ఏ ఒక్క వస్తువులోనూ లేదు, వాటి కలయికలో ఉన్నది.

ఇది ఇంత తేలికయిన విషయం గదా, ఇందులో పొరపడేదేమిటి అనుకుంటున్నారా? ఆ ఇంటిని తనిఖీ చేయడానికి ముగ్గురు వచ్చారనుకోండి. ముప్పులేమిటో రాయమంటే ఒకాయన “ఎలుకలు” అని రాశాడు. రెండో ఆయన “గాదెకు కన్నం” అని రాశాడు. మూడో ఆయన “పిల్లి ముసలిదయింది” అని రాశాడు. ముగ్గురి కాగితాలూ కుట్టి పై అధికారికి పంపితే, ఆయన ఈ ఇంటికి మూడు ముప్పులున్నాయని లెక్క వేసుకుంటాడు. నిజానికి ఉన్నది ఒకటే ముప్పు. ముగ్గురూ దాన్ని మూడు వైపులనుంచి చూశారు. పెద్ద సంస్థలలో సమాచార భద్రత లెక్కలు తీసేటప్పుడు సరిగ్గా ఇటువంటి గందరగోళమే జరుగుతూ ఉంటుంది. బెడదను ముప్పు అంటారు, లొసుగును బెడద అంటారు, కూడికలు మాత్రం దశాంశాల దాకా చేస్తారు!

పేర్లలోనే ఇంకో తంటా వచ్చింది. కంప్యూటరు ప్రోగ్రాములలో లొసుగులు వెతికే సాధనాలు 1990లలో చాలా పుట్టుకొచ్చాయి. ఒకే లొసుగును ఒక్కో సాధనం ఒక్కో పేరుతో పిలిచేది. మందుల షాపులో ఒకే మందు పది పేర్లతో అమ్ముతారు చూడండి, అలాగన్నమాట. రెండు సాధనాలు రెండు జాబితాలిస్తే, అందులో కొత్తవెన్నో, పేరు మార్చుకుని వచ్చిన పాతవెన్నో చెప్పలేకపోయేవారు. అమెరికాలో మైటర్ అనే సంస్థలో పనిచేస్తున్న డేవిడ్ మాన్, స్టీవెన్ క్రిస్టీ అనేవారు 1999 జనవరిలో ఒక ఉపాయం ప్రతిపాదించారు. లొసుగు ఎవరికి దొరికినా సరే, అందరూ వాడుకునే ఒకే నంబరు దానికి ఇద్దామన్నారు. ఆ సెప్టెంబరులో 321 లొసుగులతో జాబితా మొదలయింది. ఇవాళ అది రెండు లక్షలు దాటిపోయింది. సి.వి.ఇ. జాబితా అని దాని పేరు. వాన్నాక్రై దూరిన కన్నానికి అందులో నంబరు 2017-0144. ముందున్నది సంవత్సరం, వెనకున్నది వరస సంఖ్య.

ఇప్పుడు లొసుగులకు పేర్లు కుదిరాయి. అయితే పేర్ల జాబితా ఎంత పొడుగయినా, గాదె అడుగున ఉన్న కన్నానికీ పక్కింటి గోడకున్న కన్నానికీ తేడా చెప్పలేదు. దానికి సంబంధాలు కావాలి.

అన్నంభట్టు పుస్తకం

ఉన్నవాటినన్నిటినీ రకాలుగా విడగొట్టి చూడటం కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. 17వ శతాబ్దంలో తెలుగువాడయిన అన్నంభట్టు “తర్కసంగ్రహం” అనే చిన్న సంస్కృత గ్రంథం రాశాడు. పిల్లలకు సుళువుగా బోధపడటానికే రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. ఈనాటికీ తర్కం నేర్చుకునేవారు మొట్టమొదట చదివేది ఆ పుస్తకమే.

ఆయన ఎత్తుకోవడమే, లోకంలో ఉన్నవి ఏడు పదార్థాలు అని ఎత్తుకుంటాడు. మనం స్కూల్లో ఘనపదార్థం, ద్రవపదార్థం అంటామే, ఆ అర్థం ఇక్కడ కాదు. పదానికి అర్థమయినది పదార్థం. అంటే మాటతో చెప్పగలిగినది ఏదయినా సరే. ఆ ఏడూ ఏవంటే ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. ద్రవ్యాలు మళ్ళీ తొమ్మిది, గుణాలు ఇరవైనాలుగు, ఇలా చెట్టు కొమ్మల్లాగా విడిపోతూ పోతాయి. నేల, నీరు, నిప్పు అంటూ ఆయన చెప్పిన ద్రవ్యాల లెక్క ఇవాళ్టి రసాయన శాస్త్రానికి సరిపోదు. కాని రెండు విషయాలలో ఆయన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

మొదటిది, సంబంధాలలో తేడాలు చూడటం. దారాలకూ గుడ్డకూ ఒక సంబంధమున్నది. బల్లకూ దానిమీది పుస్తకానికీ ఒక సంబంధమున్నది. పుస్తకాన్ని తీసేస్తే బల్లకేమీ కాదు. దారాలు లాగేస్తే గుడ్డే ఉండదు. మొదటిదాన్ని సమవాయమన్నారు, రెండోదాన్ని సంయోగమన్నారు. మన ఆస్పత్రిలో స్కానింగు యంత్రానికీ దాని పొట్టలోని కంప్యూటరుకూ ఉన్నది దారానికీ గుడ్డకూ ఉన్నటువంటి సంబంధం. ఆ కంప్యూటరుకూ పక్క గది కంప్యూటరుకూ మధ్య ఉన్నది తీగతో కలిపిన ఉత్త సంయోగం. తీగ ఊడదీస్తే రెండోది పోతుంది, మొదటిది పోదు. ప్రమాదం వచ్చినప్పుడు ఏం చేయాలో నిర్ణయించేది ఈ తేడాయే గదా!

రెండోది అభావం. దాని దగ్గరకు తరవాత వద్దాం.

యంత్రం ఎలా తర్కిస్తుంది

ఆంటాలజీలో మొదట రకాలు రాస్తారు: సొత్తు, బెడద, లొసుగు, రక్షణ. ప్రతిదానికీ ఉపరకాలుంటాయి. స్కానింగు యంత్రం ఒక రకం వైద్య యంత్రం, వైద్య యంత్రం ఒక రకం సొత్తు. తరవాత సంబంధాలు రాస్తారు: “భాగంగా ఉన్నది”, “తగిలి ఉన్నది”, “నడుస్తున్నది”, “ఆధారపడి ఉన్నది”. ఆ తరవాత నియమాలు. ఇవన్నీ ఏ ఆస్పత్రికయినా ఒకటే. చివర మాత్రం, ఒక ఫలానా ఆస్పత్రిలో ఉన్న అసలు వస్తువులను వాటి వాటి రకాల కింద చేరుస్తారు.

ఊరికే ఒక ఆస్పత్రిని ఊహించుకుందాం. దాన్ని గురించి యంత్రానికి ఈ సంగతులు చెప్పాం:

స్కానింగు యంత్రంలో ఒక కంప్యూటరు భాగంగా ఉన్నది.
దానిమీద విండోస్ 7 నడుస్తున్నది.
గుమ్మం దగ్గర చీటీలు రాసే గుమాస్తా కంప్యూటరు మీద కూడా విండోస్ 7 నడుస్తున్నది.
ఈ రెంటికీ మరమ్మతు జరగలేదు.
రెండూ ఒకే నెట్‌వర్కుకు తగిలి ఉన్నాయి.
తలకు దెబ్బ తగిలి వచ్చినవారి చికిత్స స్కానింగు యంత్రం మీద ఆధారపడి ఉన్నది.
విండోస్ 7లో 2017-0144 లొసుగు ఉన్నది.

ఇక నియమాలు. ఒక ప్రోగ్రాములో లొసుగు ఉండి, మరమ్మతు జరగకపోతే, దాన్ని నడిపే కంప్యూటరుకూ ఆ లొసుగు ఉన్నట్టే. ఒకే నెట్‌వర్కు మీద ఈ లొసుగున్న కంప్యూటర్లు రెండుంటే, ఒకదానికి పట్టిన పురుగు రెండోదానికి పాకగలదు. ఒక యంత్రంలో భాగమయిన కంప్యూటరు ఆగితే ఆ యంత్రమూ ఆగుతుంది. యంత్రం ఆగితే దానిమీద ఆధారపడిన పనీ ఆగుతుంది.

ఇప్పుడు యంత్రాన్ని, గుమాస్తా కంప్యూటరుకు పురుగు పడితే ఏమవుతుందని అడిగామనుకోండి. అది ఒక్కొక్క నియమాన్నే పట్టుకుని మెట్టు మెట్టుగా పోయి, తలకు దెబ్బ తగిలినవాడికి చికిత్స ఆగిపోతుందని జవాబు చెబుతుంది. ఆ వాక్యాన్ని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పినవాటిలోనుంచి అదే లాగింది. దూరాన పొగ కనిపిస్తే, పొగ ఉన్నచోట నిప్పుంటుంది గనక అక్కడ నిప్పున్నదని తర్కశాస్త్రంవారు ఊహిస్తారు చూడండి, ఇదీ అటువంటి అనుమానమే. ఇక్కడ అనుమానమంటే సందేహం కాదు, తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని తేల్చడం. ఏడు వాక్యాలయితే మనమూ తేల్చగలం. ఏడు వేల వాక్యాలయితే మనవల్ల కాదు, యంత్రానికి మాత్రం విసుగుండదు.

పైగా గుమాస్తా కంప్యూటరు ఖరీదు ఎంతో అంతే నష్టమని ఎవరయినా లెక్క వేసి ఉంటే, ఆ లెక్క ఎంత తప్పో కూడా ఇక్కడ తెలిసిపోతున్నది.

నియమాలు రాసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి సుమా. భాగానికున్నది మొత్తానికి ఎప్పుడూ రాదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే మనిషికి గుచ్చుకున్నట్టే. కాని ఇటుకను ఒక చేత్తో ఎత్తగలం గనక ఇంటినీ ఎత్తగలమని యంత్రం తేలిస్తే? దానికి అసంభవమని తోచదు. మనం రాసిన నియమం ఎటు తీసుకుపోతే అటు పోతుంది.

సమాచార భద్రతకు ఇటువంటి ఆంటాలజీ కావాలని మార్క్ డానర్ అనే ఆయన 2003లో ఒక పత్రికా సంపాదకీయంలో గట్టిగా రాశాడు. భద్రతారంగంలో వాడే మాటలకు కచ్చితమయిన అర్థాలు లేవని ఆయన గోడు. 2004లో ఆంటాలజీలు రాయడానికి అందరికీ పనికొచ్చే ఒక భాష ఖాయమయింది. ఆ భాష పేరు ఇంగ్లీషులో గుడ్లగూబ అని వస్తుంది. నిజానికి పేరులోని మాటలను వరసగా తీసుకుంటే అక్షరాలు ఆ క్రమంలో రావు. గుడ్లగూబ తెలివయిన పక్షి అని పాశ్చాత్యుల నమ్మకం గనక అటూ ఇటూ మార్చి పెట్టుకున్నారు. మన పల్లెల్లో అయితే గుడ్లగూబ పేరు పెట్టుకునేవారు కాదు.

ఆ భాషలోనే వియన్నా నగరంలోని స్టెఫాన్ ఫెంజ్, ఆండ్రియాస్ ఎకెల్‌హార్ట్ భద్రతా ఆంటాలజీని ఒకదాన్ని తయారుచేసి 2009లో వివరించారు. అందులో సుమారు 500 భావాలున్నాయి. బెడదలంటే దొంగ ప్రోగ్రాములే కాదని, గదికి నిప్పంటుకోవడం కూడా బెడదేనని వాళ్ళు లెక్కలోకి తీసుకున్నారు. కంప్యూటరు ఏ గదిలో ఉన్నది, ఆ గదిలో నిప్పార్పే సాధనం ఉన్నదా అన్నవి కూడా అందులో సంబంధాలే. ఒక బెడద ఇంకో బెడదకు దారితీస్తుందని కూడా రాశారు. నిప్పంటుకుంటే యంత్రం కాలుతుంది, యంత్రం కాలితే సమాచారం పోతుంది. 2021లో మైటర్ సంస్థ రక్షణ ఉపాయాలన్నిటినీ ఇదే పద్ధతిలో ఒకదానికొకటి ముడివేసి ప్రచురించింది.

లేదా, తెలియదా?

ఇప్పుడు అభావం దగ్గరకు వద్దాం. అన్నంభట్టు ఏడో పదార్థంగా అభావాన్ని, అంటే లేకపోవడాన్ని లెక్కించాడు. లేకపోవడం కూడా ఒక పదార్థమా అని మీకు నవ్వు రావచ్చు. కాని మన కథలో ఆస్పత్రులను ముంచినది ఏది? ఉన్న వస్తువు కాదు, లేని వస్తువు: జరగని మరమ్మతు. లొసుగులలో చాలా భాగం ఇటువంటి లేకపోవడాలే.

లేకపోవడాన్ని యంత్రానికి చెప్పడం చాలా చిత్రమయిన పని. పై ఉదాహరణలో “ఈ రెంటికీ మరమ్మతు జరగలేదు” అని ఒక వాక్యం రాశాం. దాన్ని కొట్టేద్దాం. మరమ్మతు జరిగిందనీ లేదు, జరగలేదనీ లేదు. ఇప్పుడు యంత్రం ఏమనాలి?

రైలు రిజర్వేషను జాబితానే తీసుకోండి. జాబితాలో మీ పేరు లేకపోతే మీకు సీటు లేదు, అంతే. అక్కడ రాయనిదల్లా లేనిదే. చాలా కంప్యూటరు జాబితాలు ఈ లెక్కనే నడుస్తాయి. ఆంటాలజీ భాషలు మాత్రం అలా అనుకోవు. రాసినది ఉన్నదంటాయి, లేదని రాసినది లేదంటాయి, ఏదీ రాయనిదాన్ని తెలియదంటాయి. మీ క్లాసులో ఒక అబ్బాయికి అన్నదమ్ములున్నారో లేదో మీకు తెలియకపోతే, వాడికి అన్నదమ్ములు లేరని మీరు చెప్పరు గదా, అలాగే.

అందువల్ల ఆ ఒక్క వాక్యం కొట్టేస్తే, మన ఆంటాలజీ రోగికి ముప్పున్నదని తేల్చదు. లేదనీ తేల్చదు. ఊరుకుంటుంది. ఆ మౌనాన్ని చూసి “ముప్పేమీ లేదట” అని ఎవరయినా చెప్పుకున్నారంటే కొంప మునిగినట్టే! బుద్ధిగా పనిచేసేవారు యంత్రాన్ని మూడో ప్రశ్న కూడా వేస్తారు: మరమ్మతు జరిగినవి ఏవి, జరగనివి ఏవి, సంగతే తెలియనివి ఏవి? నా దృష్టిలో ఈ మూడో జాబితాయే అన్నిటికన్నా విలువయినది. ఇంగ్లండులో హెచ్చరికలు పంపినవారి దగ్గర లేనిది సరిగ్గా ఆ జాబితాయే.

తర్కశాస్త్రంవారు ఇక్కడ ఇంకో మెట్టు కూడా ఎక్కారు. గదిలో కుండ లేదని ఎప్పుడు చెప్పవచ్చు? కుండ ఉండి ఉంటే నేలలాగే అదీ కనబడి ఉండేది, కాని కనబడటం లేదు అన్నప్పుడే. చీకటి గదిలోకి తొంగిచూసి కుండ లేదంటే చెల్లదు. స్కానింగు యంత్రం పొట్టలోకి చూసే వీలే లేని సాధనంతో ఆస్పత్రి అంతా వెతికి, లొసుగులేమీ కనబడలేదని రాసిచ్చినా అంతే. అందుచేత మంచి ఆంటాలజీలో “లొసుగు లేదు” అన్న వాక్యంతోపాటు, ఏ సాధనంతో వెతికారు, ఎప్పుడు వెతికారు, ఆ సాధనానికి ఏవి కనబడతాయి అన్నవి కూడా రాసుకుంటారు.

రాసేదెవరు?

ఇంతా చేసి అసలు కష్టం తర్కంలో లేదు, రాయడంలో ఉన్నది. ఆస్పత్రికి ఇవాళ కొత్త యంత్రం వస్తుంది, రేపు పాతది గది మారుతుంది. రాసినది మార్చకపోతే యంత్రం నిన్నటి ఆస్పత్రిని గురించి తర్కిస్తూ కూర్చుంటుంది. ఇక లోపల ఏమున్నదో తయారుచేసినవారే చెప్పకపోతే మనం రాసేదేమిటి?

2021 డిసెంబరులో ఇదే జరిగింది. ప్రోగ్రాములు తాము చేసిన పనులను ఎప్పటికప్పుడు డైరీ రాసుకుంటూ ఉంటాయి. జావా భాషలో రాసిన ప్రోగ్రాములకు ఆ డైరీ రాసిపెట్టే లాగ్‌ఫోర్‌జె అనే చిన్న ప్రోగ్రాము ఉన్నది. అది ఉచితం గనక ఎందరో తమ ప్రోగ్రాములలో కలుపుకున్నారు. వాటిని మరికొందరు తమవాటిలో కలుపుకున్నారు. ఆ డైరీ ప్రోగ్రాములో పెద్ద లొసుగు బయటపడింది. దాని నంబరు 2021-44228. మరమ్మతు వెంటనే వచ్చింది. కాని ప్రపంచంలో లక్షలాదిమంది, అది మా దగ్గరున్నదా లేదా అని తలలు పట్టుకున్నారు. డబ్బాలో డబ్బా, అందులో ఇంకో డబ్బా, అన్నిటికన్నా అడుగు డబ్బాలో ఆ ప్రోగ్రాము! బిస్కట్టు పొట్లం మీద ఏయే దినుసులు కలిపారో అచ్చు వేస్తారు చూడండి, ప్రోగ్రాములకు కూడా అటువంటి దినుసుల పట్టీ ఉండాలని అంతకు కొద్ది నెలల ముందే, 2021 మేలో, అమెరికా ప్రభుత్వం ఒక ఉత్తర్వులో పేర్కొన్నది. అటువంటి పట్టీలుంటే ఆంటాలజీకి “దీనిలో అది ఉన్నది” అనే వాక్యాలు కొన్ని చేతికందినట్టే. అ-లో ఇ ఉన్నది, ఇ-లో ఉ ఉన్నది గనక అ-లో ఉ ఉన్నది అని తేల్చడం దానికి నిమిషం పని.

ఒక పని మాత్రం ఆంటాలజీ చేయదు. ఈ దారిన ప్రమాదం రాగలదని చెబుతుందే గాని, ఈ ఏడు వస్తుందా, పదేళ్ళకు వస్తుందా అన్నది చెప్పదు. ఉన్న డబ్బుతో ముందు స్కానింగు యంత్రం బాగుచేయించాలా, రక్త పరీక్షల యంత్రమా అన్నదీ చెప్పదు. అది మనుషులు కూర్చుని తేల్చుకోవలసిన విషయం. వాళ్ళ ముందు పెట్టవలసిన కాగితం మాత్రం అది తయారుచేస్తుంది.

ఇంతకూ వాన్నాక్రై ఎలా ఆగిందో చెప్పనేలేదు గదూ. ఆ శుక్రవారమే ఇంగ్లండులో మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ళ యువకుడు ఆ పురుగును విప్పి చూస్తున్నాడు. కొత్త కంప్యూటరులో దూరగానే అది పొడుగాటి, అర్థంపర్థం లేని ఒక ఇంటర్నెట్ చిరునామాను పిలుస్తున్నదని గమనించాడు. ఆ చిరునామా ఎవరి పేరా లేదు. పది, పదకొండు డాలర్లు కట్టి అతను దాన్ని తన పేర నమోదు చేసుకున్నాడు. అంతే, పురుగు పని ఆగింది! ఆ చిరునామా నుంచి జవాబు వస్తే ఊరుకో, రాకపోతే పని మొదలుపెట్టు అన్నది దానిలో రాసిన నియమం. అతను చేసినది పురుగును ఆపడానికి కాదు, దాని జాడ తెలుసుకోవడానికి. ఆగిపోతుందని అతనికీ ముందు తెలియదు.

కాని కొన్ని ఆఫీసులలో అది ఆ తరవాత కూడా ఆగలేదు. ఆ ఆఫీసుల కంప్యూటర్లకు తిన్నగా బయటి ఇంటర్నెట్‌తో మాట్లాడే దారి లేదు. అక్కడ పురుగు చిరునామాను పిలిచేది, పిలుపు బయటికి పోయేది కాదు, జవాబు వచ్చేది కాదు. చిరునామా లేదేమో, లేక తన పిలుపే చేరలేదేమో, ఆ తేడా పురుగుకు తెలియదు. లేదనే అనుకుని ఫైళ్ళకు తాళాలు వేసుకుంటూ పోయింది.